ఇంజను ఒకరిది, బండి ఎవరిది?

2024వ సంవత్సరం అక్టోబరులో జపానుకు చెందిన కవాసాకీ కంపెనీ ఒక ప్రకటన చేసింది. ప్రపంచ సూపర్‌బైక్ పోటీలలో 2015 నుంచి 2020 వరకు వరుసగా ఆరుసార్లు జొనాథన్ రే అనే రైడరును ఛాంపియనుగా నిలబెట్టిన కంపెనీ అది. అటువంటి సంస్థ, మరుసటి ఏడు తన పేరు పక్కనబెట్టి, ఇటలీలోని రిమిని పట్టణంలో ఉన్న బిమోటా అనే చిన్న సంస్థ పేరు మీద పోటీకి దిగుతానన్నది. టీము అదే. అలెక్స్ లోవ్స్, అక్సెల్ బస్సానీ అనే రైడర్లూ వాళ్లే. ఇంజను కూడా కవాసాకీ జడ్‌ఎక్స్-10ఆర్‌ఆర్‌ది, 998 సీసీది. బండి పేరు మాత్రం బిమోటా కేబీ998 రిమిని. నవంబరులో మిలాన్ ప్రదర్శనలో దాన్ని జనానికి చూపించారు.

అంతే, అభిమానులు రెండుగా చీలిపోయారు. బిమోటా మళ్లీ రేసుల్లోకి వచ్చిందని పండగ చేసుకున్నవాళ్లు కొందరు. ఇదంతా వేషం, ఆకుపచ్చ చొక్కా విప్పి ఇంకో చొక్కా తొడిగారు, లోపలి మనిషి వాడేగా అని ఎత్తిపొడిచినవాళ్లు కొందరు. ఈ గొడవ మా హాస్టలు మెస్సు దాకా వచ్చింది. "ఇంజనే వాళ్లది కానప్పుడు బండి వాళ్లదెలా అవుతుంది గురూ? పెళ్లికొడుకు మావాడే, చొక్కా మాత్రం నాది కాదన్నట్టుంది" అని మా రూమ్మేటు సాంబారు ఆరిపోయేదాకా వాదించాడు. మెకానికల్ విద్యార్థిని గనుక నేను రెండో పక్షం. అయితే పక్షం ఎంచుకోవడం తేలిక, కారణం చెప్పడమే కష్టం. ఆ కారణం కోసం వెతికితే దొరికిన సంగతులు ఈ సంచిక పాఠకుల ముందు పెడుతున్నాను.

బిమోటా అనేది ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు: బియాంకీ, మోర్రీ, తంబురీనీ. 1966లో మొదలైనప్పుడు వీళ్లు చేసింది మోటారు సైకిళ్లు కాదు, భవనాలకు వేడిగాలి, చల్లగాలి గొట్టాలు అమర్చే వ్యాపారం. తంబురీనీకి రేసుల పిచ్చి. 1972లో మిసానో ట్రాకు మీద హోండా సీబీ750 నడుపుతూ పడి పక్కటెముకలు విరగ్గొట్టుకున్నాడు. ఆ బండి ఇంజను చూస్తే ఆ రోజుల్లో దానికి ఎదురులేదు. చాసీ మాత్రం ఆ శక్తికి చాలేది కాదు. లేచి తిరగగలిగాక అదే ఇంజనుకు తన సొంత చాసీ కట్టాడు. 1973లో వచ్చిన ఆ బండి పేరు హెచ్‌బీ1. హోండా-బిమోటా, ఒకటవది అని అర్థం.

ఇక్కడ గమనించవలసింది ఆ పేరు. బిమోటా తన బండ్లకు ఇలాగే పేర్లు పెడుతూ వచ్చింది. సుజుకీ ఇంజనైతే ఎస్‌బీ, యమహా అయితే వైబీ, డుకాటీ అయితే డీబీ, బీఎండబ్ల్యూ అయితే బీబీ. కవాసాకీ ఇంజనుతో కేబీ1 1978లోనే వచ్చింది. అంటే ఇంజను ఎవరిదో దాచిపెట్టడం మాట అలా ఉంచి, దాన్ని పేరులో మొదటి అక్షరం చేసి, తమ అక్షరాన్ని రెండోది చేసుకున్నారు! వేషం వేసేవాడు ఎక్కడన్నా ఇలా తన గుట్టు తానే నొసటన రాసుకుంటాడా?

సరే, గుట్టు లేదనుకుందాం. చాసీ ఒక్కటీ కట్టినంతమాత్రాన బండి వాళ్లదెలా అవుతుంది? ఇది అసలైన ప్రశ్న. దీనికి కొంచెం యంత్రశాస్త్రం కావాలి. ఆర్ట్స్ మిత్రులు విసుక్కోకుండా చదవమని మనవి.

మోటారు సైకిలు చాసీకి రెండు ముఖ్యమైన చోట్లున్నాయి. ముందు ఫోర్కు తిరిగే తల ఒకటి, వెనక చక్రాన్ని పట్టుకున్న స్వింగార్మ్ ఇరుసు రెండోది. ఈ రెంటినీ ఎంత నమ్మకంగా ఒక వరసలో ఉంచుతుందన్నదే చాసీకి పరీక్ష. రేసులో గట్టిగా బ్రేకు వేస్తే బరువు దాదాపు అంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం నేలను తాకీ తాకనట్టుంటుంది. అప్పుడు ఫోర్కు పొడవాటి గడ్డపారలాగా పనిచేసి చాసీ తలను పెకలించడానికి చూస్తుంది. అక్కడ చాసీ మెలిపడితే ముందు చక్రం ఒక దారి, వెనక చక్రం ఒక దారి అవుతాయి. 1970ల నాటి జపాను బండ్లు వేగంలో ఊగిసలాడేవన్న మాటకు మూలం ఇదే. ఇంజన్లు ముందు పరుగెత్తాయి, ఇనుప గొట్టాలు వెనకబడ్డాయి.

అలాగని చాసీని బండరాయిలా బిగిస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. మలుపులో రేసు బండి 60 డిగ్రీల దాకా వాలుతుంది. ఆ స్థితిలో రోడ్డు మీద చిన్న గతుకు తగిలితే, ఆ దెబ్బ సస్పెన్షను కదిలే దారిలో రాదు, పక్కనుంచి వస్తుంది. స్ప్రింగులు అక్కడ చేయగలిగింది తక్కువ. ఆ దెబ్బను మింగవలసింది టైరు, ఆ తర్వాత చాసీ. అంటే బ్రేకు వేసేటప్పుడు వంగకూడదు, వాలినప్పుడు పక్కకు వెంట్రుకంత వంగాలి. ఒకే వస్తువు రెండు స్వభావాలతో ఉండాలి. గొట్టం మందం ఎంత, పలక ఎక్కడ పలచన చేయాలి, ఇంజనును ఏ బోల్టులతో చాసీలో భాగం చేయాలి? లెక్క కాగితం మీద మొదలై రైడరు నోట్లో ముగుస్తుంది. కేబీ998లో క్రోమ్-మాలీ ఉక్కు గొట్టాల జాలీకి అల్యూమినియం పలకలు కలిపినదీ ఇందుకోసమే. అదే ఇంజను, రెండు చాసీలంటే మలుపులో రెండు వేరువేరు బండ్లు.

నమ్మకం కలగనివాళ్లకు 1980వ సంవత్సరం ఉంది. ఆ ఏడు 350 సీసీ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఒకవైపు కవాసాకీ అండతో జర్మనీకి చెందిన ఆంటన్ మాంగ్. మరోవైపు సొంత ఖర్చులతో తిరుగుతున్న దక్షిణాఫ్రికావాడు జాన్ ఎకెరోల్డ్, అతని కింద బిమోటా చాసీలో యమహా ఇంజను. చివరి రేసు నూర్‌బర్గ్‌రింగ్‌లో, ఇద్దరివీ సమానమైన పాయింట్లు. ఎకెరోల్డ్ మొదటివాడుగా వచ్చాడు, మాంగ్ రెండోవాడు. తర్వాత 1987లో వైబీ4 మీద వర్జీనియో ఫెరారీ టీటీ ఫార్ములా వన్ ఛాంపియన్ అయ్యాడు. అంతకుముందు ఐదేళ్లూ ఆ బిరుదు హోండా మీద జోయీ డన్లప్‌ది! 1988లో సూపర్‌బైక్ ఛాంపియన్‌షిప్ మొట్టమొదటి ఏడు, బిమోటా మీద దావిదే తర్దోజీ అందరికంటె ఎక్కువ రేసులు గెలిచి కూడా పాయింట్లలో మూడోవాడయ్యాడు. పాయింట్లలో ఇటువంటి అన్యాయాలు మన పరీక్షల్లోనూ ఉన్నాయి, వదిలేద్దాం.

ఇక సొంత ఇంజను సంగతి. అభిమానులు అడిగిన పనిని బిమోటా ఒకసారి చేసింది కూడా. 1997లో వీ-దుయే అనే 500 సీసీ టూ-స్ట్రోక్ బండి తెచ్చారు. ఇంజను పూర్తిగా తమదే, పెట్రోలు నేరుగా సిలిండరులోకి చిమ్మే ఏర్పాటుతో. కాగితం మీద అద్భుతం. రోడ్డు మీద పెట్రోలు సరఫరా కుదరక ఇంజను ఎప్పుడు అందుకుంటుందో, ఎప్పుడు ఆగుతుందో తెలిసేది కాదు. అమ్మిన బండ్లు వెనక్కి తీసుకోవలసి వచ్చింది, డబ్బు హరించుకుపోయింది. 2000లో ఆస్ట్రేలియాలోని ఫిలిప్ ఐలండ్‌లో వాన కురుస్తుండగా ఆంథొనీ గోబర్ట్ ఎస్‌బీ8కే మీద సూపర్‌బైక్ రేసు గెలిచాడు (అందులో ఇంజను సుజుకీది, గమనించండి). ఆ ఆనందం ఎంతో కాలం నిలవలేదు. సీజను మధ్యలోనే టీము మూతపడింది, కంపెనీ దివాళా తీసింది. యాభై మంది చేతులతో పనిచేసే చోటుకీ, ఇంజను పోతపోయడానికి, పరీక్షించడానికి కావలసిన పెట్టుబడికీ పొంతన ఎక్కడ?

ఇప్పుడు నిబంధనలు చూద్దాం. అసలు తగవు ఇక్కడుంది గానీ మెస్సులో దీన్ని ఎవరూ ఎత్తలేదు. సూపర్‌బైక్ పోటీలో ఇష్టం వచ్చిన బండి దింపడానికి వీల్లేదు. జనానికి అమ్మే బండే దించాలి. ఎన్ని తయారుచేయాలో లెక్క ఉంది, దీన్నే హోమోలొగేషన్ అంటారు. కేబీ998 వంతుకు ఆ లెక్క ఇలా ఉంది: మొదటి రేసుకు ముందు 125 బండ్లు, ఆ తర్వాత దశలవారీగా 500. అమ్మకపు ధరకూ పైహద్దు ఉంది. రేసు బండి చాసీ అమ్మిన బండి చాసీయే అయి ఉండాలి. అక్కడక్కడ బలపరచుకోవచ్చు, మార్చడానికి లేదు.

ఈ ఆఖరి నిబంధనే కవాసాకీని రిమిని దారి పట్టించిందని నా అభిప్రాయం. చాసీ మార్చాలంటే కొత్త మోడలు అమ్మాలి. లోకమంతటా షోరూములున్న కంపెనీకి కొత్త మోడలంటే అచ్చులు, యంత్రాలు, విడిభాగాలు, ఏళ్ల పని. బిమోటాకు 500 బండ్లు చేత్తో కట్టడం అలవాటైన పని. పైగా 2019 నుంచి బిమోటాలో 49.9 శాతం వాటా కవాసాకీదే. కాబట్టి "ఇది నిబంధనలో సందు చూసుకోవడం" అనే పక్షం మాటలో నిజం ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ సందు గుండా వచ్చింది పేరు ఒక్కటే కాదు, కొత్త చాసీ కూడా. అదే పాత చాసీ మీద బిమోటా బొమ్మ అతికించి ఉంటే నేనూ మా రూమ్మేటు పక్కనే కూర్చునేవాణ్ణి.

నిబంధన చిన్నవాణ్ణి ఎలా తొక్కగలదో కూడా చెప్పాలి. 2014లో బిమోటా బీఎండబ్ల్యూ ఇంజనుతో బీబీ3 బండిని దింపింది. కావలసిన 125 బండ్లు గడువులోగా తయారు చేయలేకపోయింది. రైడర్లు నడిపారు, గీత దాటారు, పాయింట్లు మాత్రం ఇవ్వలేదు. సీజను పూర్తికాకముందే టీము తప్పుకుంది. అదే ఏడు అదే పోటీలో మన హీరో కంపెనీ పేరు రాసుకున్న బండి కూడా తిరిగిందని ఎందరికి తెలుసు? అమెరికాలో ఎరిక్ బ్యూయెల్ నడిపిన చిన్న సంస్థలో హీరో 2013లో సుమారు సగం వాటా తీసుకుంది. వాళ్లు ఆ లెక్క దాటగలిగారు. చివరి వరసల్లోనే తిరిగినా తిరిగారు. 2015 ఏప్రిల్లో ఆ సంస్థా మూతపడింది. అంటే చిన్నవాడికి లెక్క తప్పినా కష్టమే, కుదిరినా కష్టమే. వెనక పెద్దచెయ్యి ఉంటే ఆ చెయ్యిని చూపి వెక్కిరిస్తాం, లేకుంటే పాపం అంటాం.

ఈ విషయం మీద నాకింత పట్టింపు ఎందుకని అడగవచ్చు. కిందటేడు మా బ్యాచి వాళ్లం అంతర కళాశాల పోటీకి నాలుగు చక్రాల రేసు బండి కట్టాం. ఇంజను బజారు మోటారు సైకిలుది. మా సీనియరు ఒకాయన అరువిచ్చాడు. నాలుగు నెలలు గొట్టాలు వంచి, వెల్డింగు చేసి, రెండుసార్లు కోసి మళ్లీ అతికించిన చాసీ మాది. పరీక్షకు వచ్చిన పెద్దమనిషి బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇంజను కంపెనీది కదా, ఇందులో మీరు చేసిందేమిటి?" అన్నారు. చాసీ వైపు వంగి చూడను కూడా లేదు. ఆ రోజు నేను చెప్పలేకపోయిన జవాబులో సగం ఈ వ్యాసంలో ఉంది.

మిగతా సగం బొలోనా విశ్వవిద్యాలయంలో ఉంది. అక్కడ ఇంజనీరింగు చదివిన పియెర్‌లుయీజీ మార్కోనీ, మామూలు ఫోర్కు లేకుండా ముందు చక్రాన్ని కూడా స్వింగార్మ్‌తోనే పట్టి, చక్రం మధ్యలోంచి తిప్పే పద్ధతిని తన డిగ్రీ సిద్ధాంత వ్యాసానికి అంశంగా తీసుకున్నాడు. బిమోటా దాన్ని ఏళ్ల తరబడి సానబట్టి, 1990ల మొదట్లో అమ్మకానికి పెట్టింది. అందులోనూ ఇంజను డుకాటీది. బండి పేరు తేసి. ఇటలీ భాషలో ఆ మాటకు అర్థం థీసిస్ అనే. మన ప్రాజెక్టు రిపోర్టులు లైబ్రరీలో ఏ మూల ఉన్నాయో మనకు తెలుసు!

2025 ఫిబ్రవరిలో కేబీ998 తన మొదటి రేసు ఫిలిప్ ఐలండ్‌లోనే పరుగెత్తింది, గోబర్ట్ గెలిచిన పాతికేళ్లకు. ఆ ఏడే క్రెమోనాలో లోవ్స్ దాన్ని పోడియం మీదికి తెచ్చాడు. పాత కవాసాకీని ఒక ప్రైవేటు టీము అదే పోటీలో నడిపింది గనుక రెంటినీ పోల్చి చూడదలచినవాళ్లకు ఆ సీజను ఫలితాలే చాలు. మా రూమ్మేటు దాన్ని ఇంకా కవాసాకీ అనే పిలుస్తున్నాడు. మా బండి ఇంజను సీనియరుగారికి తిరిగి ఇచ్చేశాం. చాసీ మాత్రం వర్క్‌షాపులో పెద్ద లేతు వెనక గోడకు ఆనించి ఉంది, చూడదలచినవారు ఎప్పుడైనా రావచ్చు.