అంతరిక్షంలో పేరుకుపోతున్న చెత్త

1957 అక్టోబరు 4న అప్పటి సోవియట్ యూనియన్ స్పుత్నిక్-1 అనే తొలి కృత్రిమ ఉపగ్రహాన్ని ప్రయోగించిందని మనమందరం చదువుకున్నాం. అది మూడు నెలలకే కిందికి దిగి వాతావరణంలో కాలిపోయింది. 1958 మార్చి 17న అమెరికా పంపిన వాన్‌గార్డ్-1 మాత్రం నేటికీ భూమి చుట్టూ తిరుగుతూనే ఉంది. 1964 తరువాత దాని నుంచి ఒక్క సంకేతం కూడా రాలేదు. పని చేయదు, కిందికి రాదు. ఇలా ఏ ఉపయోగమూ లేకుండా కక్ష్యలో తిరిగే మానవ నిర్మిత వస్తువులను అంతరిక్ష చెత్త అంటారు. పనిచేయని ఉపగ్రహాలు, రాకెట్ల ఖాళీ దశలు, పేలుళ్లలో పుట్టిన ముక్కలు, చివరికి ఊడిపోయిన రంగు పెచ్చులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

రంగు పెచ్చు ఏం చేస్తుందిలే అనుకుంటాం. 1983 జూన్‌లో ఛాలెంజర్ స్పేస్ షటిల్ కిటికీకి అలాంటి చిన్న పెచ్చు తగిలి అద్దంలో గుంట పడింది. షటిల్ భూమికి తిరిగి వచ్చాక ఆ అద్దాన్ని మార్చవలసి వచ్చింది. కారణం వేగం. భూమికి దగ్గరి కక్ష్యల్లో వస్తువులు సెకనుకు 7 నుంచి 8 కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి. రెండు వస్తువులు ఢీకొనేటప్పుడు వాటి మధ్య వేగం సెకనుకు సుమారు 10 కిలోమీటర్లు ఉండవచ్చు. మన భౌతికశాస్త్రంలోని గతిశక్తి సూత్రాన్నే తీసుకుందాం: ద్రవ్యరాశిని వేగ వర్గంతో గుణించి సగం చేయాలి. ఒక గ్రాము ముక్కకు ఈ వేగంతో లెక్క కడితే 50,000 జౌళ్లు వస్తుంది. 1000 కిలోల కారు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వచ్చి గుద్దినా సరిగ్గా అంతే శక్తి. నమ్మకం లేనివారు నోట్‌బుక్కులో వేసి చూసుకోవచ్చు, మేమూ రెండుసార్లు వేసి చూశాం.

యూరోపియన్ అంతరిక్ష సంస్థ అంచనా ప్రకారం 10 సెంటీమీటర్ల కన్నా పెద్ద వస్తువులు కక్ష్యల్లో సుమారు 54,000 ఉన్నాయి. వీటిలో పనిచేసే ఉపగ్రహాలు కూడా కలిసి ఉన్నాయి. 1 నుంచి 10 సెంటీమీటర్ల మధ్యవి సుమారు 12 లక్షలు. అసలు భయం ఈ మధ్య రకంతోనే. పెద్దవాటిని రాడార్లతో కనిపెట్టి తప్పుకోవచ్చు. మరీ చిన్నవాటిని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తొడిగిన కవచాలు ఆపుతాయి. వీటిలో చాలావాటిని చూడటమూ కష్టమే, ఆపటమూ కష్టమే.

చెత్త ఎంతకాలం ఉంటుందన్నది ఎత్తును బట్టి ఉంటుంది. 400 కిలోమీటర్ల దగ్గర పలుచని గాలి ఇంకా ఉంటుంది కాబట్టి దాని రాపిడికి వస్తువులు కొద్ది సంవత్సరాలలో దిగి కాలిపోతాయి. 800 కిలోమీటర్లకు పోతే వంద సంవత్సరాలు దాటుతుంది. చిక్కు ఏమిటంటే, భూమిని పరిశీలించే ఉపగ్రహాలకు అనువైన ఎత్తు కూడా ఇదే. పంటల విస్తీర్ణం లెక్క కట్టే మన రిసోర్స్‌శాట్, సముద్రంపై గాలుల వేగాన్ని కొలిచే ఓషన్‌శాట్ 700 నుంచి 850 కిలోమీటర్ల మధ్యనే తిరుగుతాయి. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడు కోస్తా జిల్లాలకు అందే హెచ్చరికల వెనుక ఈ సమాచారం కూడా ఉంటుంది. వాటి దారిలో ముక్కలు పెరిగితే నష్టం మన మత్స్యకారుల దాకా వస్తుంది.

ముక్క ముక్కను ఢీకొని మరిన్ని ముక్కలు పుట్టి, అది ఆగని గొలుసుగా మారవచ్చునని అమెరికా శాస్త్రవేత్త డొనాల్డ్ కెస్లర్ 1978లోనే హెచ్చరించాడు. 2007 జనవరిలో చైనా తన పాత వాతావరణ ఉపగ్రహం ఫెంగ్‌యున్-1సి ని క్షిపణితో పేల్చి, గుర్తించదగిన ముక్కలనే మూడు వేలకు పైగా పుట్టించింది. 2009 ఫిబ్రవరి 10న సైబీరియా పైన పనిచేస్తున్న ఇరీడియం-33, ఎప్పుడో చనిపోయిన రష్యా కాస్మోస్-2251 ఢీకొన్నాయి. మన దేశం కూడా 2019 మార్చి 27న మిషన్ శక్తి పేరుతో సుమారు 300 కిలోమీటర్ల ఎత్తులో సొంత ఉపగ్రహాన్ని కూల్చింది. తక్కువ ఎత్తు ఎంచుకోవడం వల్ల ముక్కల్లో ఎక్కువ భాగం త్వరగానే కాలిపోయాయి, కొన్ని మాత్రం ఇంకా పైకి ఎగిరాయి. ఎవరు చేసినా ఇలాంటి పరీక్షలు ఇక వద్దన్నదే మా అభిప్రాయం.

మాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది మన శ్రీహరికోట కథ. 2001 అక్టోబరు 22న పిఎస్‌ఎల్‌వి-సి3 అక్కడి నుంచి లేచి మూడు ఉపగ్రహాలను చక్కగా కక్ష్యలో పెట్టింది. అందరూ సంతోషించారు. కానీ పని అయిపోయిన నాలుగో దశ కక్ష్యలోనే ఉండిపోయి, డిసెంబరు 19న పేలి మూడు వందలకు పైగా ముక్కలైంది. రాకెట్ ట్యాంకులలో కొంత ఇంధనం, దానిని మండించే ఆక్సీకారిణి, పీడనంతో నింపిన వాయువు మిగిలి ఉంటే ఇలాంటి ప్రమాదం ఉంటుంది. ఆ తరువాతి ప్రయోగాల నుంచి ఇస్రో పని ముగిసిన దశలో మిగిలినదంతా బయటకు వదిలేయించే పద్ధతి పెట్టింది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. చెత్తను ఏరడం కన్నా పుట్టకుండా చూడటం ఎంత సులువో దీనివల్ల తెలుస్తుంది.

2023 మార్చి 7న ఇస్రో ఇంకో కష్టమైన పని చేసింది. ఉష్ణమండల వర్షాలను పరిశీలించడానికి ఫ్రాన్స్‌తో కలిసి 2011లో పంపిన మేఘా-ట్రోపిక్స్ ఉపగ్రహం బరువు సుమారు 1000 కిలోలు. అలాగే వదిలేస్తే వందేళ్లకు పైగా పైనే ఉండేది. దానిలో ఇంకా వంద కిలోలకు పైగా ఇంధనం ఉంది, అంటే పేలే ప్రమాదం కూడా ఉంది. ఆ ఇంధనాన్నే వాడి, నెలల తరబడి మెల్లమెల్లగా కక్ష్యను దించి, చివరికి జనసంచారం లేని పసిఫిక్ మహాసముద్రం పైన వాతావరణంలోకి దింపారు. అలా దిగేందుకు తయారుచేసిన ఉపగ్రహం కాదది. 2030 నాటికి భారత ప్రయోగాలన్నీ చెత్త మిగల్చనివిగా ఉండాలని 2024లో ఇస్రో లక్ష్యం ప్రకటించింది.

ఇక ఇప్పటికే ఉన్నదాన్ని ఏరడం. 2018లో ఐరోపా వారి రిమూవ్‌డెబ్రీ ఉపగ్రహం తాను వదిలిన వస్తువునే వల విసిరి పట్టి చూపింది. నిజమైన చెత్త అంత మంచిగా ఉండదు, గిరగిరా తిరుగుతూ ఉంటుంది, పట్టుకోవడానికి పిడి ఉండదు. పైగా 1967 అంతరిక్ష ఒప్పందం ప్రకారం చనిపోయిన ఉపగ్రహం కూడా పంపిన దేశానిదే, అనుమతి లేకుండా ఇంకొకరు ముట్టుకోరాదు. 2024లో జపాన్‌కు చెందిన ఆస్ట్రోస్కేల్ సంస్థ ఉపగ్రహం సుమారు 3 టన్నుల పాత రాకెట్ దశకు 15 మీటర్ల దగ్గరకు వెళ్లింది. యూరోపియన్ సంస్థ తన క్లియర్‌స్పేస్-1 యాత్రలో పట్టి తెచ్చేందుకు 2024లో ప్రోబా-1 అనే చిన్న ఉపగ్రహాన్ని ఎంచుకుంది. 2001లో పిఎస్‌ఎల్‌వి-సి3 శ్రీహరికోట నుంచి మోసుకుపోయిన మూడింటిలో అది ఒకటి.