చూడి కట్టినట్లు కనబడు గేదె

పంచాయతీ సభ్యుల యెదుటకు వచ్చు తగవులలో పశువుల బేరమునకు సంబంధించినవి తక్కువ కావు. వానిలో ఒకటి ఊరూర ఇంచుమించు ఒకే తీరున నడచును. ఆరు నెలల చూడి యని చెప్పి సంతలో ఒక గేదెను అమ్మినారు. కొన్న రైతు అప్పు తెచ్చి, చూడి పశువునకు తగిన వెల యిచ్చి యింటికి తోలుకొని వచ్చినాడు. నాలుగు నెలలు గడచినవి, అయిదవ నెలయు గడచినది. గేదె ఈనలేదు. దూడ లేదు, పాలు లేవు, వడ్డీ మాత్రము పెరుగుచున్నది. కొన్నవాడు మోసమనును. అమ్మినవాడు తన దొడ్డిలో అది ఆరు నెలలుగా ఎదకు రాలేదని ఒట్టు పెట్టుకొనును. ఇద్దరును నిజమే చెప్పుచుండవచ్చుననుట చాలమందికి తోచదు.

గేదె యన్నను, బఱ్ఱె యన్నను, ఎనుము అన్నను, చూడిని పోల్చుకొనుటకు మన రైతులు నమ్మునవి ముఖ్యముగా రెండు గుర్తులు: ఎదకు రాకుండుట, పొట్ట పెరుగుట. ఈ రెండును చూడి లేకయే కలుగవచ్చును.

ముందుగా పొట్ట సంగతి చూతము. నెమరువేయు పశువు పెద్దపొట్ట ఎడమ ప్రక్కను ఉండి, వంద లీటర్లకు పైగా పట్టును. వట్టి వరిగడ్డి మేయు పశువులో ఆ గడ్డి త్వరగా అరుగక పొట్టలోనే నిలిచియుండును. పశువు చిక్కియున్నను పొట్ట మాత్రము కుండవలె కనబడును. నాలుగైదు ఈతలు ఈనిన గేదెకు పొట్ట కండలు సడలి ఎల్లప్పుడును వ్రేలాడుచుండును. కాలేయపు జలగలు పట్టిన పశువునకు దవడ క్రిందను, కడుపులోను నీరు చేరుట కలదు. ఇక గర్భములోని దూడ ఎంత యుండును? ఆవు కడుపులో అది రెండు నెలలకు చుంచెలుకంత, మూడు నెలలకు పెద్ద ఎలుకంత, నాలుగు నెలలకు చిన్న పిల్లియంత యుండునని పశువైద్యులు లెక్క చెప్పుదురు. గేదె కడుపులోను అంతకు మించి యుండదు. దూడ బరువులో చాల భాగము చివరి మూడు నెలలలోనే పెరుగును. కావున మూడవ నెలలోనే పొట్ట దిగినదని మురియుటలో అర్థము లేదు. ఆ దిగినది గడ్డియే.

ఎద విషయము ఇంతకంటె చిక్కైనది. చూడి లేని గేదె సుమారు 21 దినముల కొకసారి ఎదకు రావలెను. ఆవు అరచును, తోటి పశువులపై ఎక్కును, తీగ వేయును. గేదె అంత గోల చేయదు. దాని ఎద పెక్కుసార్లు రాత్రివేళనో, తెల్లవారుజామునో వచ్చి పోవును. వేసవిలో ఎండ తాపమునకు గుర్తులు మఱింత తగ్గును. దీనిని మూగ ఎద యందురు. అండము విడుదల యగును గాని యజమానికి తెలియదు. ఒక్కసారి కనిపెట్టనిచో 21 దినములు, మూడుసార్లు కనిపెట్టనిచో రెండు నెలలు పోయినట్లే. అన్ని దినములును అతడు గేదె చూడితో నున్నదని నమ్మి నిశ్చింతగా నుండును.

మేత చాలని పశువులో, ముఖ్యముగా భాస్వరము మొదలగు ఖనిజ లవణములు కొరవడిన పశువులో, అండకోశములు పనిచేయక నిద్రించినట్లుండును. అప్పుడు ఎద అసలే రాదు. ఈనిన తరువాత నెలల తరబడి ఎదకు రాని గేదెలలో ఇట్టివి కలవు. ఒకసారి దున్నతో దాటించి, పిమ్మట ఎదకు రాలేదు గనుక కట్టినదని తలచుటకు ముందు ఆ గేదె గాటిలో ఏమి పడుచున్నదో చూడవలెను.

మూడవ కారణమును కొంత విపులముగా చెప్పవలసి యున్నది. అండము విడుదలయైన చోట అండకోశముపై పసుపు బుడిపె యనబడునది యొకటి ఏర్పడును. అది ఉన్నంతకాలము పశువు ఎదకు రాదు. గర్భము నిలువనిచో 16, 17 దినములకు గర్భాశయము ఒక రసమును పంపి ఆ బుడిపెను కరగించును. పశువు మరల ఎదకు వచ్చును. గర్భము నిలిచినచో ఆ రసము పనిచేయదు, బుడిపె నిలుచును. కాని గర్భాశయములో చీము నిండినను ఆ రసము పుట్టకపోవచ్చును. కడుపులోని దూడ చనిపోయి, బయటపడక, నీరింకి ఎండిపోయినను అంతే. అప్పుడు గర్భాశయము బరువుగానే యుండును, ఎద రాదు, నెలలు నిండును, గేదె మాత్రము ఈనదు. సంతలో అమ్మినవాని ఒట్టు అబద్ధము కాకపోవుటకు ఇదియొక దారి.

ఈ మోసము గేదెకే పరిమితము కాదు. పెద్దలు గోడిగ యని పిలిచిన ఆడు గుఱ్ఱములో ఇది మఱింత వింతగా నడచును. దాని గర్భము సుమారు 11 నెలలు. చూలు నిలిచిన ముప్పదియైదు, నలువది దినములకు గర్భాశయపు లోపొరలో చిన్న గిన్నెలవంటి కట్టడములు ఏర్పడి ఒక రసమును నెత్తురులోనికి వదలుచుండును. ఈ రసమును 1930లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు కోల్, హార్ట్ అనువారు కనుగొనిరి. గిన్నెలు ఏర్పడిన పిదప పిల్ల చనిపోయినను, అవి దాదాపు 120వ దినము వరకు తమ పని తాము చేయుచునే యుండును. అంతవరకు గోడిగకు సరియైన ఎద రాదు. నెత్తురు పరీక్షయు చూడి యున్నదనియే చెప్పును. పరీక్షనే బోల్తాకొట్టించునప్పుడు కంటితో చూచి చెప్పువారిని తప్పు పట్టనేల?

దీనికి తలక్రిందులైన పొరపాటును కలదు. నిజముగా చూడి యైన పశువులలో నూటికి కొన్ని నడుమ ఎద గుర్తులు చూపును. తొందరపడి అట్టిదానికి మరల సూది వేయించినచో ఈచుకపోవు ప్రమాదము కలదు.

నిజము తెలియుటకు నేడు మార్గములున్నవి. దాటించిన లేక సూది వేయించిన రెండు, మూడు నెలలకు పశువైద్యుడు ఆసనము ద్వారా చేయి పెట్టి గర్భాశయమును తడవి చెప్పగలడు. స్కానింగు యంత్రము గలచోట నెల దాటిన నాటికే తెలియును. ఆరేడు నెలల పిదప కుడి డొక్కను పిడికిలితో నొక్కి వదలినచో దూడ తగులుట కద్దు గాని, తగులనంత మాత్రమున లేదనుటకు వీలులేదు. పొదుగు చేపును సంతలో నమ్మరాదు. రెండు పూటలు పితుకక నిలిపిన పొదుగును నిండుగానే కనబడును.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో పశుపోషణ, పాడి నాలుగవ అంశముగా నున్నవి. కావున ఇది పంచాయతీకి పరాయి పని కాదు. మేము సభ్యులను కోరునది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ప్రతి పాడి రైతు యింట ఒక నోటుపుస్తకము ఉండునట్లు చూడుడు: ఎదకు వచ్చిన తేది, సూది వేయించిన తేది, పరీక్ష తేది. ఊరిలో పశువైద్య శిబిరము పెట్టునప్పుడు మూడు నెలల క్రిందట సూది పడిన పశువులనన్నిటిని వరుసగా తోలించుడు. చూడి గేదె యని బేరము కుదిరినచో, పైకము చేతులు మారకముందే డాక్టరు చీటీ వ్రాయించుడు. తగవు పుట్టిన పిదప ఆ చీటీ వలన ప్రయోజనము స్వల్పము.

చూడి లేదని తేలిన గేదెను కటికవానికి తోలుటకు తొందరపడరాదు. మేత లోపమైనచో ఖనిజ లవణ మిశ్రమముతోను పచ్చిమేతతోను చాలవరకు దారికి వచ్చును. పసుపు బుడిపె నిలిచిపోయినచో దానిని కరగించు సూది కలదు. పెక్కు పశువులు నాలుగైదు దినములలో ఎదకు వచ్చును. అయితే ఆ సూది నిజముగా చూడితో నున్న గేదెకు పడినచో గర్భము పోవును. అందుచేత సొంతముగా మందు కొని వేయించు అలవాటును ఊరిలో సాగనీయరాదు. డాక్టరు ముందు చేయి పెట్టి చూచును, తరువాతనే సూది తీయును. ఆయన మొదట అడుగునది నోటుపుస్తకములోని తేదియే.