చిప్ చెడిపోయిందా? ముందు ప్రోగ్రామర్‌ను పరీక్షిద్దాం

మన హాస్టల్ నుంచి పాలిటెక్నిక్, ఇంజనీరింగ్‌లకు వెళ్లిన తమ్ముళ్లు ప్రాజెక్టు కోసం మైక్రోకంట్రోలర్ ప్రోగ్రామర్‌ను సొంతంగా తయారు చేసుకోవడం మంచి పని. కానీ అది మొదటిసారి పనిచేయకపోతే చాలామంది "చిప్ కాలిపోయింది" అని పక్కన పడేసి ఇంకొకటి కొంటారు. ఇంటికి ఫోన్ చేసి డబ్బు అడగలేని మనకు అది భారమే. అంతకన్నా పెద్ద నష్టం, "ఇది మన వల్ల కాదు" అనుకోవడం. నిజానికి చాలాసార్లు లోపం చిప్‌లో ఉండదు.

థామస్ ఫిష్ల్ రూపొందించి అందరికీ ఉచితంగా ఇచ్చిన యూఎస్‌బీ-ఏఎస్‌పీ సర్క్యూట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దీనిలోనూ ఒక ఏటీమెగా 8 చిప్ ఉంటుంది. మేము కింది వరుసలోనే పరీక్షిస్తాం.

1. కంప్యూటర్‌కు పెట్టకముందు: మల్టీమీటర్‌తో 5 వోల్టుల లైనుకూ గ్రౌండ్‌కూ మధ్య షార్ట్ లేదని చూడాలి. ల్యాబ్ కంప్యూటర్ పోర్టు పాడైతే ఆ మాట మనమే పడాలి. డ్రై సోల్డర్ ఉన్నచోట మళ్లీ సోల్డర్ చేయాలి.

2. కంప్యూటర్ గుర్తించకపోతే: విండోస్‌లో యూఎస్‌బీ-ఏఎస్‌పీ పేరు పక్కన పసుపు గుర్తు ఉంటే డ్రైవర్ సమస్య. 'అన్‌నోన్ డివైస్' అని వస్తే లోపం సర్క్యూట్‌లో ఉంది. డి ప్లస్, డి మైనస్ తీగలు తారుమారయ్యాయా? 12 మెగాహెర్ట్‌జ్ క్రిస్టల్ సరిగా ఉందా? 3.6 వోల్టుల జీనర్ డయోడ్లు అర వాటువేనా? ఒక వాటు జీనర్ల కెపాసిటెన్స్ ఎక్కువ, సిగ్నల్ చెడుతుంది. ప్రోగ్రామర్‌లోని చిప్‌కు ఫర్మ్‌వేర్ ఎక్కించారా? ఫ్యూజ్‌లను బయటి క్రిస్టల్‌కు మార్చారా? ఈ పనికి ల్యాబ్‌లోని ఆర్డుయినో ఊనో సరిపోతుంది.

3. కంప్యూటర్ గుర్తించినా చిప్ పలకకపోతే: ప్రోగ్రాం చేయవలసిన ఏటీమెగా 8లో రీసెట్ 1, మోసీ 17, మీసో 18, ఎస్‌సీకే 19వ పిన్నులు. మోసీని మోసీకే కలపాలి. సీరియల్ తీగల్లాగా అడ్డంగా మార్చకూడదు. 7, 20 పిన్నులకు 5 వోల్టులు, 8, 22 పిన్నులకు గ్రౌండ్ ఇవ్వాలి.

అన్నీ సరిగా ఉన్నా పలకలేదంటే వేగం చూడాలి. కొత్త ఏటీమెగా 8 లోపలి 1 మెగాహెర్ట్‌జ్ క్లాక్‌తో నడుస్తుంది. ఎస్‌సీకే వేగం అందులో నాలుగో వంతుకన్నా, అనగా 250 కిలోహెర్ట్‌జ్‌కన్నా తక్కువ ఉండాలి. యూఎస్‌బీ-ఏఎస్‌పీ మామూలుగా 375తో నడుస్తుంది. స్లో ఎస్‌సీకే జంపర్ పెడితే చాలు, 'చనిపోయిన' చిప్ లేచి కూర్చుంటుంది. ఎవరైనా ఇంతకుముందు ఫ్యూజ్ మార్చి ఉంటే 9, 10 పిన్నులకు క్రిస్టల్ పెట్టి చూడాలి.

చిప్ సిగ్నేచర్ 1ఈ 93 07 అని వచ్చిందా, పని అయినట్టే. అన్నీ సున్నాలో, అన్నీ ఎఫ్‌లో వస్తే మీసో తీగ, రీసెట్ తీగ మళ్లీ చూడాలి.

తమ్ముళ్లూ! ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది నోట్‌బుక్‌లో రాయండి. ఆ నోట్‌బుక్ మీ తర్వాత వచ్చేవాళ్లకు ఇవ్వండి. ఇంట్లో చెప్పేవాళ్లు లేని మనకు ఒకరికొకరమే గురువులం.