యూనియన్ ఆఫీసులోనూ ఉద్యోగాలున్నాయి

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఏ ఫ్లెక్సీ మీదా కనిపించని కొలువు ఒకటుంది. జావా, సాప్, డేటా సైన్స్‌, అన్నిటికీ కొత్త బ్యాచ్‌లే. ఆ కోర్సులు పూర్తిచేసి సొంతంగా వెబ్‌సైట్లు చేసిపెడుతున్నవాళ్లకు, పంజాగుట్టలో ఆర్డర్ ఎప్పుడు మోగుతుందా అని ఫోన్ వంక చూసే డెలివరీ కుర్రాళ్లకు, కృష్ణానగర్‌లో రేపటి షూటింగ్ కబురు కోసం కూర్చున్న లైట్‌మెన్‌కు ఎవరైనా డబ్బు ఎగ్గొడితే, వాళ్ల పక్షాన నిలబడే సంఘాలున్నాయి. ఆ సంఘాలకూ సిబ్బంది కావాలి. అయితే దీనికి ఎవరూ డెమో క్లాసు పెట్టరు.

రోజువారీ పని మీద బతికేవాళ్లు సంఘం కట్టుకోవడం మనకు కొత్తేం కాదు. తెలుగు సినిమాలో 24 క్రాఫ్టులకూ యూనియన్లున్నాయి. 2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోరుతూ సినీ కార్మికులు షూటింగులు ఆపేశారు. యాప్‌ల మీద పనిచేసేవాళ్లకు తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ ఉంది. దాన్ని నడిపిస్తున్న షేక్ సలావుద్దీన్ స్వయంగా క్యాబ్ నడిపిన మనిషి. రాష్ట్రపతి అయిన వి.వి. గిరి కూడా రైల్వే కార్మికోద్యమంలోంచే వచ్చారు. ఇదేదో చదువు అబ్బనివాళ్లు చేసే పని అనుకునే తల్లిదండ్రులకు ఆ మాట ఒకసారి గుర్తుచేయండి.

ఇలాంటి చోట ముందుగా కావలసింది కేసులు చూసే మనిషి. నినాదం ఎవరైనా ఇస్తారు, గోడును కాగితం మీద పెట్టగలిగేవాళ్లే తక్కువ. ఒక ఫ్రీలాన్స్ డిజైనర్ వచ్చి, నాలుగు నెలలైనా కంపెనీ పేమెంట్ ఇవ్వలేదన్నాడనుకోండి. ఓదార్పు తర్వాత సంగతి. పని ఒప్పుకున్న ఈమెయిల్ ఉందా? ఇన్‌వాయిస్ ఏ తేదీన పంపాడు? పని చేసే నాటికే చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా? ఉంటే 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) అభివృద్ధి చట్టం అతనికి అండ. ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. దాటితే కంపెనీ బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ కట్టాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే ఇలాంటి బకాయిల తగాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్ ముందుకు వెళ్తుంది. పని అయిపోయాక చేయించుకున్న రిజిస్ట్రేషన్‌తో మాత్రం చిక్కులు తప్పవు. ఈ మూడు ప్రశ్నలూ వరసగా అడగడం వస్తే సగం ఉద్యోగం వచ్చినట్టే.

డెలివరీ కుర్రాడి యాప్ ఐడీ బ్లాక్ అయిన కేసు ఇంకో రకం. అక్కడ స్క్రీన్‌షాట్లు, తేదీలు, కస్టమర్ కేర్ ఇచ్చిన జవాబులే ఆధారం. చట్టమూ తెలిసుండాలి. గిగ్ వర్కర్ అంటే ఎవరో మొదటిసారి నిర్వచించిన సామాజిక భద్రతా స్మృతి 2020లో వచ్చి, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. యాప్ కంపెనీలు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం సంక్షేమానికి ఇవ్వాలని అందులో ఉంది. వర్కర్లకు చెల్లించే మొత్తంలో 5 శాతం దానికి పరిమితి. తెలంగాణ కూడా 2025 ఏప్రిల్‌లో గిగ్ వర్కర్ల బిల్లు ముసాయిదాను ప్రజల ముందుంచింది. ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఈ రెండూ చదవండి.

చదువు సంగతికొస్తే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ), లా ఉపయోగపడతాయి. గచ్చిబౌలిలోని రోడా మిస్త్రీ కళాశాల దగ్గర్లో ఉన్నదే. అలాగని అమీర్‌పేటలో నేర్చుకున్న ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ వృథా పోవు. వందల మంది పేఅవుట్ లెక్కలు సరిపోల్చి కిలోమీటరుకు ఎంత పడుతోందో తేల్చేవాళ్లు ఉంటే, సంఘం మాటకు చర్చల్లో బలం వస్తుంది.

చేరిన కొత్తలో సభ్యుల మీటింగులో మిమ్మల్ని పరిచయం చేస్తారు. అక్కడ డిగ్రీల చిట్టా విప్పకండి. "ఐడీ సమస్యలు నేను చూస్తాను, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ ఎత్తుతాను, తెలుగులో అయినా హిందీలో అయినా మాట్లాడొచ్చు" అంటే చాలు. "అన్నా, నువ్వెప్పుడైనా బండి నడిపినవా?" అని ఎవరో ఒకరు అడగకపోరు. లేకపోతే లేదనే చెప్పండి. ఒక రోజు వాళ్ల బండి వెనక కూర్చుని తిరుగుతానని అడిగి, మాటిచ్చాక తప్పకుండా వెళ్లండి.

జీతం దగ్గర భ్రమలొద్దు. యూనియన్లు సభ్యుల చందా మీద, ఇదే పని చేసే స్వచ్ఛంద సంస్థలు ప్రాజెక్టు నిధుల మీద నడుస్తాయి. ఐటీ జీతంతో పోల్చుకుంటే చిన్నబోతారు. అపాయింట్‌మెంట్ లెటర్, పీఎఫ్, ప్రాజెక్టు ఎన్ని నెలలు అన్నవి మొహమాటం లేకుండా అడగండి. కార్మికుల హక్కుల గురించి మాట్లాడుతూ తన సిబ్బందికి కాగితం ఇవ్వని సంస్థలో చేరకపోవడమే మంచిది.

ప్రకటన వచ్చేదాకా ఆగక్కర్లేదు. మీకు తెలిసిన డెలివరీ కుర్రాడినో ఫ్రీలాన్సర్‌నో అడిగి, ఒప్పుకుంటే వారం రోజుల ఆదాయం, పెట్రోలు, కోతలు, ఖాళీగా గడిచిన గంటలు రాసుకోండి. పేరు బయటపెట్టకుండా దాన్ని రెండు పేజీల నోట్‌గా తయారుచేసి, బయోడేటాకు జతచేసి పంపండి.