వానకు ముందే ఇల్లు చూసుకుందాం

రోహిణి కార్తె పోతే మిరుగం వస్తుంది. మిరుగం వస్తే వానలే. అక్కా, మన పాత ఇల్లు వానకు ఆగుతుందా?

2022 జూలైలో ముసురు పట్టింది. పాత ఆదిలాబాద్ జిల్లాలోని కడెం ప్రాజెక్టుకు పెద్ద వరద వచ్చింది. పల్లెల్లో మట్టిగోడలు నాని కూలినయి. గోడ పాతదని కూలదు. నీళ్లు తాగితే కూలుతది.

మొదట పైకప్పు చూడాలి. కోతులు దుంకి గూన పెంకలు పగులుతాయి, జరుగుతాయి. పగటిపూట ఇంట్లో నిలబడి పైకి చూడండి. వెలుగు కనపడిన చోటే ఇల్లు కురుస్తది. అక్కడ పెంక మార్చాలి. దూలాన్ని, వాసాలను కట్టెతో తట్టండి. డొల్ల చప్పుడు వస్తే లోపల చెదలు తిన్నట్టే.

తర్వాత గోడ అడుగు చూడాలి. చూరు నీళ్లు అక్కడ నిలవొద్దు. మన్ను పోసి, నీళ్లు దూరంగా పోయేటట్టు వాలు చెయ్యాలి.

మట్టిగోడకు సిమెంటు పూయొద్దు. లోపలి తడి బయటికి పోదు. మన్ను మెత్తబడి పెచ్చు ఊడుతది. ఎర్రమన్నులో వరిగడ్డి కలిపి, తొక్కి, నానబెట్టి మెత్తాలి. మట్టికి మట్టే మందు.

గోడకు పగులు ఉందా? పగులు చివర బొగ్గుతో గీత గీయండి. పక్కన తేదీ రాయండి. పగులు గీత దాటితే పెరుగుతున్నట్టే. గోడ ఉబ్బినా, ఒరిగినా దాని పక్కన ఎవరూ పడుకోవద్దు. వెంటనే మేస్త్రీని పిలవండి.

రాయండి:
1. మీ ఇంటికి ఎన్ని పెంకలు కావాలి?
2. మేస్త్రీకి ఎన్ని రోజుల కూలి ఇచ్చారు?
3. మీ గోడ మీద ఏ తేదీ రాశారు?