రసీదు ఎవరిస్తారు?

వినాయక చవితికి పదిహేను రోజుల ముందే భిలాయి సెక్టార్లలో చందా పుస్తకం బయటికొస్తుంది. నలుగురు పిల్లలు, వాళ్లకొక పెద్దన్న కలిసి క్వార్టర్ క్వార్టరూ తిరుగుతారు. అంకుల్ యాభయ్యో వందో ఇస్తారు. పెద్దన్న ఆయన పేరు, క్వార్టర్ నంబరు, ఇచ్చిన మొత్తం రాసి, చుక్కల గీత దగ్గర చింపి సగం కాగితం ఆయన చేతిలో పెడతాడు. మిగతా సగం పుస్తకంలోనే ఉంటుంది. పండుగ అయ్యాక ఆ సగం కాగితాలన్నీ కూడి చూస్తారు. వచ్చిన మొత్తం, ఖర్చు, మిగులు మూడూ సరిపోవాలి. సరిపోకపోతే వచ్చే ఏడు ఆ పెద్దన్నకు ఎవరూ తలుపు తీయరు!

పుస్తకంలో మిగిలిపోయే ఆ సగం కాగితం గురించే మేము ఈ పాఠం రాస్తున్నాం. ఇప్పుడు చందా అడిగేవాళ్లు తలుపు కొట్టడం లేదు, ఫోనులోకి వస్తున్నారు. మరి ఆ సగం కాగితం ఎక్కడుంది?

మాకు ఎదురైన సంగతి

అర్ధవార్షిక పరీక్షల ముందు మా తరగతి గ్రూపులోకి ఒక సందేశం వచ్చింది. ఆసుపత్రి మంచం మీద ఒక పసిపాప, ముక్కులో గొట్టం. ఆపరేషన్‌కు లక్షలు కావాలని, ఈ రాత్రికే పంపాలని రాశారు. కింద ఒక క్యూఆర్ కోడ్. మేము ఏడుగురం కలిసి పాకెట్ మనీ పోగుచేశాం. జామెట్రీ బాక్సులో 1,640 రూపాయలు చేరాయి. ఒకరి అమ్మగారి ఫోనుతో పంపుదామని స్కాన్ చేశాం. పంపబోయే ముందు ఫోను ఒక పేరు చూపించింది. సందేశంలో ఉన్న తండ్రి పేరు అది కాదు. అక్కడున్న నంబరుకు చేస్తే స్విచాఫ్.

అప్పుడు మాలో ఒకమ్మాయి అడిగింది: "సరే, పంపుదాం. రసీదు ఎవరిస్తారు?"

మా దగ్గర జవాబు లేదు. ఆంటీ ఆ ఫొటోను ఇంటర్‌నెట్‌లో వెతికించారు. అదే పాప, అదే మంచం, మూడేళ్ల క్రితం వేరే ఊరి పేరుతో కనబడింది. ఆ పాపకు నయమైందో లేదో మాకు తెలియదు. ఫొటో మాత్రం ఇంకా ఎవరి కోసమో అడుక్కుంటూనే ఉంది. ఆ రాత్రి మాకు రెండు రకాలుగా బాధేసింది. మోసపోబోయామని ఒకటి. రేపు నిజంగా ఆపదలో ఉన్న పాప సందేశం వస్తే మేము నమ్ముతామా అన్నది రెండోది. రెండోదే పెద్ద బాధ. అందుకే ఈ డబ్బు దారి ఏమిటో తెలుసుకోవాలనుకున్నాం.

బటన్ నొక్కాక డబ్బు ఎటు పోతుంది?

సోషల్ మీడియాలో విరాళాల ఊపు ప్రపంచానికి బాగా తెలిసింది 2014 వేసవిలో. నెత్తిన ఐసు నీళ్లు కుమ్మరించుకుని వీడియో పెట్టడం, ఇంకో ముగ్గురిని సవాలు చేయడం. ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు కోసం పనిచేసే అమెరికా సంస్థకు ఆ కొద్ది వారాల్లో దాదాపు 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ జబ్బుతో సంబంధమున్న ఒక జన్యువును 2016లో గుర్తించిన పరిశోధనకు ఈ డబ్బు కూడా తోడ్పడింది. ఏ డబ్బు ఏ పనికి వెళ్లిందో సంస్థ రాసి ఉంచింది కాబట్టే ఇవాళ మనం ఈ మాట చెప్పుకోగలుగుతున్నాం.

ఫేస్‌బుక్‌లో విరాళాల బటన్ 2013లో మొదలైంది. 2017లో పుట్టినరోజు విరాళాలు వచ్చాయి: "ఈసారి నాకు బహుమతి వద్దు, ఫలానా సంస్థకు ఇవ్వండి" అని స్నేహితులను అడగడం. 2019 నాటికి ఆ సాధనాల ద్వారా వచ్చిన మొత్తం 200 కోట్ల డాలర్లు దాటిందని ఆ కంపెనీ ప్రకటించింది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. పుట్టినరోజు జరుపుకునే మనిషి చేతికి ఆ డబ్బు రాదు. సంస్థ ముందే తన నమోదు పత్రాలు, బ్యాంకు ఖాతా చూపించి పేరు నమోదు చేసుకుని ఉంటే నేరుగా దాని ఖాతాకు చేరుతుంది. లేకపోతే మధ్యలో ఒక విరాళాల నిధి సంస్థ తీసుకుని, కొన్ని వారాల తర్వాత పంపుతుంది. సొంత వైద్యం కోసం, చదువు కోసం పెట్టే వ్యక్తిగత విజ్ఞప్తుల దారి వేరు. ఆ డబ్బు ఆ వ్యక్తికే వెళ్తుంది. రెండూ తెర మీద చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. కానీ మొదటిదానిలో లెక్క చెప్పాల్సింది సంస్థ, రెండోదానిలో ఆ వ్యక్తి.

మన దేశంలో మిలాప్, కెట్టో వంటి వేదికలు ఉన్నాయి. యూపీఐ 2016లో వచ్చాక చిన్న ట్రస్టు కూడా గోడకు ఒక క్యూఆర్ కోడ్ అంటించగలుగుతోంది.

ఒక చిన్న లెక్క చేద్దాం. మీ నాన్నగారు నెట్ బ్యాంకింగ్‌తో 1,000 రూపాయలు ఇచ్చారు. చెల్లింపు కంపెనీ రుసుము 2 శాతం అనుకుందాం. అంటే 20 రూపాయలు. ఆ రుసుము మీద జీఎస్టీ 18 శాతం, అంటే 3 రూపాయల 60 పైసలు. సంస్థకు చేరేది 976 రూపాయల 40 పైసలు. రసీదు మాత్రం 1,000కే రాయాలి, ఇచ్చింది 1,000 కాబట్టి. ఆ 23 రూపాయల 60 పైసలను ఖర్చు కింద చూపాలి. ఇలాంటివి నెలకు వందల చెల్లింపులు వస్తే, బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక పక్క, విరాళాల జాబితా ఒక పక్క పెట్టుకుని ఒక్కో వరుసా కలుపుకుంటూ కూర్చునే మనిషి ఒకరు కావాలి. తిరుమలలో హుండీ కానుకలు లెక్కపెట్టే చోటును పరకామణి అంటారు. ఆన్‌లైన్ హుండీకీ ఒక పరకామణి ఉండాల్సిందే.

పేరు తెలియని దాత

పాత చందా పుస్తకంలో దాత పేరు తప్పక ఉండేది. సోషల్ మీడియా బటన్‌తో సంస్థలకు వచ్చే మొదటి చిక్కు ఇక్కడే. మొత్తం తెలుస్తుంది, ఇచ్చినవారెవరో చాలాసార్లు తెలియదు. ఫేస్‌బుక్‌లో దాత ఒప్పుకుంటేనే ఆయన ఈమెయిల్ సంస్థకు అందుతుంది. యూపీఐలో వచ్చిన 500 ఎవరు పంపారో, పుస్తకాలకు పంపారో భోజనానికి పంపారో తెలియకపోతే కృతజ్ఞతలైనా ఎవరికి చెప్పాలి?

మన చట్టం మాత్రం పేరు అడుగుతుంది. ధార్మిక సంస్థలకు పేరు లేని విరాళాలు ఒక పరిమితి దాటితే వాటి మీద 30 శాతం పన్ను పడుతుంది. పూర్తిగా మతపరమైన సంస్థలకు, అంటే గుడి హుండీ వంటివాటికి, ఇందులో మినహాయింపు ఉంది. ఇక అమ్మానాన్నలు తరచు చెప్పుకునే '80జి' సంగతి. ఆదాయపు పన్ను చట్టం, 1961లోని సెక్షన్ నుంచి వచ్చిన పేరు అది. అలాంటి గుర్తింపు ఉన్న సంస్థకు ఇచ్చినవారికి, పాత పన్ను విధానంలో ఉంటే, పన్నులో కొంత ఊరట ఉంటుంది. నగదుగా 2,000 రూపాయలకు మించి ఇస్తే ఆ ఊరట లేదు. 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి ఇంకో నియమం వచ్చింది. సంస్థ తన దాతల జాబితాను వివరాలతో సహా మే 31లోగా ఆదాయపు పన్ను శాఖకు పంపాలి. 1961 చట్టం కింద ఆ జాబితా ఫారానికి పెట్టిన పేరు 10బీడీ. దాని ఆధారంగా దాతకు ఇచ్చే ధ్రువపత్రానికి పెట్టిన పేరు 10బీఈ. చూశారా, చందా పుస్తకంలోని రెండు సగాలూ ఇవే! ఒకటి శాఖ దగ్గర, ఒకటి దాత చేతిలో.

అమెరికా బాబాయి పంపితే?

మనలో చాలామందికి విదేశాల్లో చుట్టాలున్నారు. తానా వంటి అమెరికా తెలుగు సంఘాలు మన ఊళ్లలో ఆరోగ్య శిబిరాలు, విద్యార్థులకు సాయం వంటివి చేస్తుంటాయి. అక్కడి నుంచి విరాళం రావడానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ఉంది. ఈ చట్టం కింద అనుమతి ఉన్న సంస్థే ఆ డబ్బు తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోనే పడాలి. సంస్థ శ్రీకాకుళంలో ఉన్నా, దుర్గ్‌లో ఉన్నా అంతే. కార్యాలయ ఖర్చులకు అందులో 20 శాతానికి మించి వాడకూడదు.

ఇంకో తమాషా చూడండి. బాబాయి ఇంకా భారత పౌరుడై ఉండి, తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే బాబాయి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే విదేశీ విరాళం. మనిషి అతనే, ప్రేమ అదే, పాస్‌పోర్టు మారింది. అందుకే సంస్థలు ఆన్‌లైన్‌లో "మీరు ఏ దేశ పౌరులు?" అని అడుగుతాయి. విసుక్కోకూడదు. అడిగే సంస్థే లెక్క సరిగా రాసే సంస్థ.

ఒక్క అక్షరం తేడా

2020 మార్చి చివర పీఎం కేర్స్ నిధిని ప్రకటించారు. దాని యూపీఐ ఐడీ 'పీఎంకేర్స్' అని మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే చివరి 'స్' తీసేసి 'పీఎంకేర్' అని ఒక దొంగ ఐడీ పుట్టింది. అధికారులు గుర్తించి మూయించారు. దేశమంతా భయంతో ఉన్న రోజుల్లో జనం దయను ఒక్క అక్షరంతో దారి మళ్లించబోయారు. కాబట్టి పంపేముందు తెర మీద వచ్చే పేరును అక్షరం అక్షరం చదవాలి. మోసం జరిగిపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి.

బదిలీ పిల్లలం కాబట్టి

మేము ఇది మీకే ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నాం? మనం బదిలీల మీద తిరిగే ఇళ్ల పిల్లలం. మన ఫోన్లలో నాలుగు ఊళ్ల గ్రూపులుంటాయి. వదిలి వచ్చిన ఊరి నుంచి కబురొస్తే వెళ్లి చూడలేం. కొత్తగా వచ్చిన ఊళ్లో ఎవరు ఎవరో ఇంకా తెలియదు. పుట్టి పెరిగిన ఊళ్లో ఉండేవాళ్లకు "ఆ ఇల్లు మాకు తెలుసు" అనే ధైర్యం ఉంటుంది. మనకు ఆ ధైర్యం అడగడం వల్లే రావాలి. ఈ అయిదు ప్రశ్నలు గుర్తుపెట్టుకుందాం:

1. డబ్బు వెళ్లేది సంస్థకా, వ్యక్తికా? తెర మీద పేరు అదేనా?
2. సంస్థకు నమోదు ఉందా? 80జి వంటి గుర్తింపు చూపగలదా?
3. రసీదు ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు?
4. మధ్యలో ఎంత కోత పడుతుంది?
5. పని అయ్యాక ఏం చేశారో ఎక్కడ చెబుతారు?

జవాబులు చెప్పడం మంచి సంస్థకు భారం కాదు. అడిగామని కోప్పడేవాళ్లకు మన అవసరం లేదు. ఇంకో మాట. పెద్దవాళ్లతో చెప్పకుండా వాళ్ల ఫోను నుంచి ఒక్క రూపాయి కూడా పంపకూడదు.

ఒక బకెట్ బియ్యం

ఐసు నీళ్ల సవాలు నడుస్తున్న 2014 ఆగస్టులోనే హైదరాబాద్‌లో మంజులత కళానిధి అనే పాత్రికేయురాలు ఫేస్‌బుక్‌లో ఇంకో సవాలు మొదలుపెట్టారు. ఒక బకెట్ బియ్యం దగ్గర్లో అవసరమున్నవారికి ఇవ్వండి, ఫొటో పెట్టండి, స్నేహితులనూ ఇవ్వమనండి. అదే 'రైస్ బకెట్ చాలెంజ్'. అందులో ఖాతా లేదు, రుసుము లేదు, మధ్యవర్తి లేడు. సోషల్ మీడియా డబ్బు మోయలేదు, ఆలోచనను మాత్రం మోసింది. అన్ని అవసరాలూ ఇలా తీరవు. ఆపరేషన్లకు, బడులకు సంస్థలు కావాల్సిందే. కానీ కళ్లెదుట ఉన్న అవసరానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

మా 1,640 రూపాయలు జామెట్రీ బాక్సులోనే ఉన్నాయి కదా! మా సెక్టారులో ఇస్త్రీ బండి నడిపే అంకుల్ నిచ్చెన మీంచి పడి నెలరోజులుగా మంచం మీద ఉన్నారని తెలిసింది. మేమే వెళ్లి చూశాం. 1,350కి బియ్యం బస్తా, 278కి డాక్టరు రాసిన మందులు కొని ఇచ్చాం. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు కాబట్టి ఆయన ఫొటో తీయలేదు. దుకాణం బిల్లులు మాత్రం నోటుబుక్కులో అంటించాం.

ఆ రోజు రసీదు సంగతి అడిగిన అమ్మాయి వాళ్ల నాన్నగారికి మార్చిలో బదిలీ అయింది. కొత్త ఊరు వెళ్లిన వారానికి ఫోను చేసింది. బడి గురించి, కొత్త క్వార్టర్ గురించి అంతా చెప్పి, పెట్టేసే ముందు అడిగింది:

"ఏయ్, మిగిలిన పన్నెండు రూపాయలు ఎవరి దగ్గరున్నాయి?"

నోటుబుక్కు తెరిచి చూసి చెప్పాం.