సెన్సర్ చెడిందా, తీగ చెడిందా? కారు ఆక్సిజన్ సెన్సర్ హీటర్‌ను పరీక్షించడం ఎలా?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. క్వార్టర్ల నుంచి వర్క్‌షాపుకో, గోల్‌బజార్‌కో కారు తీస్తే ప్రయాణం కొన్ని నిమిషాల్లో ముగుస్తుంది. అదే కారు పండక్కి 16వ నంబరు జాతీయ రహదారి మీద శ్రీకాకుళం దాకా వందల కిలోమీటర్లు పరుగెడుతుంది. హైవే మీద మైలేజీ బాగానే ఇచ్చిన పెట్రోలు కారు ఊళ్లో మాత్రం ఎక్కువ తాగుతూ, డాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం వెలిగిస్తోందంటే, అనుమానించదగ్గ వాటిలో ఆక్సిజన్ సెన్సర్‌లోని హీటర్ ఒకటి.

సెన్సర్‌కు వేడి ఎందుకు?

పెట్రోలు పూర్తిగా మండాలంటే ఒక కిలో పెట్రోలుకు దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. ఈ పాళ్లు కుదిరాయా లేదా అన్నది ఎగ్జాస్ట్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చెబుతుంది. దాని గుండెకాయ జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం. దానికి ఒకవైపు బయటి గాలి, మరోవైపు పొగ ఉంటాయి. రెండు వైపులా ఆక్సిజన్‌లో తేడా ఉంటే, ఆక్సిజన్ అయాన్లు జిర్కోనియా గుండా కదిలి వోల్టేజి పుడుతుంది. పెట్రోలు ఎక్కువైతే సుమారు 0.8 నుంచి 0.9 వోల్టులు, గాలి ఎక్కువైతే 0.1 వోల్టు దరిదాపుల్లో వస్తుంది. దీన్ని చూసి ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, పెట్రోలును సవరిస్తుంది.

చల్లగా ఉన్న జిర్కోనియాలో అయాన్లు దాదాపు కదలవు. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటితేనే సెన్సర్ సరిగా పనిచేస్తుంది. ఈ గుణం కొత్తగా తెలిసింది కాదు. జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ నెర్న్‌స్ట్ 19వ శతాబ్దం చివర్లో తయారు చేసిన దీపంలో కూడా ఇలాంటి పదార్థపు కడ్డీయే ఉండేది. దాన్ని ముందు వేడి చేస్తే తప్ప దీపం వెలిగేది కాదు.

1976లో వోల్వో కార్లలో వచ్చిన తొలి బాష్ సెన్సర్లకు హీటర్ లేదు, పొగ వేడే ఆధారం. 1982లో హీటర్ ఉన్న సెన్సర్ వచ్చింది. హీటర్ పనిచేయకపోతే పొగ వేడికి సెన్సర్ మేల్కొనేదాకా ఈసీయూ అంచనా మీదే పెట్రోలు పోస్తుంది. హైవే మీద ఆ ఆలస్యం లెక్కలోకి రాదు. ఊళ్లో తిరిగే చిన్న ప్రయాణాల్లో మాత్రం సెన్సర్ వేడెక్కేలోపే ఇల్లు వచ్చేస్తుంది. ఈలోగా పెట్రోలూ వృథా, కాలుష్యమూ ఎక్కువే.

కోడ్ చెప్పేది ఎంత?

స్కానర్ పెడితే సాధారణంగా పి0135 అనే కోడ్ కనిపిస్తుంది. కేటలిటిక్ కన్వర్టర్‌కు ముందున్న సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో లోపం ఉందని దాని అర్థం. తర్వాత ఉన్న సెన్సర్‌దైతే పి0141. ఇక్కడ గమనించాల్సిన మాట ‘సర్క్యూట్’. ఫ్యూజు, రిలే, తీగలు, కనెక్టర్, హీటర్, ఈసీయూలోని స్విచ్చి అన్నీ అందులో భాగమే. కోడ్ చూడగానే వేల రూపాయల సెన్సర్ మార్చినా దీపం మళ్లీ వెలగడానికి కారణం ఇదే.

వరుసగా పరీక్షలు

మొదట ఫ్యూజు చూడాలి. ఇంజిన్ చల్లారాక, తీగలు వేడి గొట్టానికి తగిలి కాలాయా, కనెక్టర్ పిన్నులకు చిలుము పట్టిందా పరిశీలించాలి. వానాకాలం నీరు చేరే చోట్ల ఇది మామూలే.

తర్వాత కనెక్టర్ విడదీసి, సెన్సర్ వైపు హీటర్ తీగల మధ్య నిరోధం కొలవాలి. నాలుగు తీగల సెన్సర్లలో సాధారణంగా ఒకే రంగులో ఉండే రెండు తీగలు హీటర్‌వి. వైరింగ్ పటంతో సరిచూసుకోవడం మేలు. చల్లగా ఉన్నప్పుడు చాలా సెన్సర్లలో కొన్ని ఓంలు మాత్రమే ఉంటుంది, కచ్చితమైన విలువ కారు మాన్యువల్‌లో చూడాలి. మీటరు అనంతం చూపితే హీటర్ తెగినట్లే, సెన్సర్ మార్చాల్సిందే.

హీటర్ బాగుంటే, తీగల వైపు కరెంటు వస్తోందా చూడాలి. చాలా కార్లలో ఒక తీగకు ఫ్యూజు ద్వారా 12 వోల్టులు నేరుగా వస్తాయి. రెండో తీగను ఈసీయూ ఎర్త్‌కు కలుపుతూ, విడదీస్తూ వేడిని అదుపు చేస్తుంది.

మీటరు మోసపోయే చోటు

మల్టీమీటర్ 12 వోల్టులు చూపింది కాబట్టి తీగ బాగుందనుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. ఒక లెక్క చూద్దాం. వేడెక్కిన హీటర్ నిరోధం 6 ఓంలు అనుకుందాం. 12 వోల్టుల దగ్గర 2 ఆంపియర్ల కరెంటు, 24 వాట్ల వేడి. చిలుము పట్టిన పిన్ను 2 ఓంల నిరోధం కలిపితే మొత్తం 8 ఓంలు, కరెంటు 1.5 ఆంపియర్లకు పడిపోతుంది. హీటర్‌కు అందేది 13.5 వాట్లే, దాదాపు సగం.

హీటర్ విప్పి ఇదే పిన్ను దగ్గర డిజిటల్ మీటరు పెడితే? మీటరు లోపలి నిరోధం సాధారణంగా 1 కోటి ఓంలు. దాని ముందు 2 ఓంలు లెక్కే కాదు. తగ్గేది కొన్ని మైక్రోవోల్టులే కాబట్టి మీటరు 12 వోల్టులే చూపుతుంది. కరెంటు పారితే తప్ప ఈ లోపం బయటపడదు.

అందుకే ఇండికేటర్‌కు వాడే 21 వాట్ల బల్బును సరఫరా తీగకూ, కారు బాడీ ఎర్త్‌కూ మధ్య కలిపి చూడాలి. అది హీటర్ లాగే దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. బల్బు మసకగా వెలిగినా, ఆ సమయంలో వోల్టేజి బాగా పడిపోయినా లోపం తీగలోనో, పిన్నులోనో, ఫ్యూజు దగ్గరో ఉన్నట్లు. ఈసీయూకు వెళ్లే తీగకు మాత్రం బల్బు కలపకూడదు, లోపలి స్విచ్చి దెబ్బతినవచ్చు.

సరఫరా కూడా బాగుంటే కనెక్టర్ తిరిగి కలిపి, కోడ్ చెరిపి, ఇంజిన్ నడుపుతూ రెండో తీగ చూడాలి. అక్కడ ఎప్పుడూ 12 వోల్టులే ఉంటే ఈసీయూ ఎర్త్ ఇవ్వడం లేదు, లేదా మధ్యలో తీగ తెగింది. తీగ సంగతి తేల్చాకే ఈసీయూను అనుమానించాలి. చల్లని ఇంజిన్‌లో గొట్టంలోని నీటి బిందువులు తగిలి వేడి పింగాణీ పగలకుండా కొన్ని కార్లు హీటర్‌ను కాస్త ఆలస్యంగా వేస్తాయి. కాబట్టి కాసేపు ఆగి చూడాలి.

దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాలను కారు అందుకోవాలంటే ఈ చిన్న హీటర్ కూడా పనిచేయాలి. సెన్సర్ కొనేముందు బల్బుతో చేసే పది నిమిషాల పరీక్ష, చాలాసార్లు కాస్త చిలుము గీకితే సరిపోతుందని చెబుతుంది.